రెండో రాయి

రెండో రాయి తీసేశారన్న సంగతి కన్నయ్యకు నేను చెప్పలేదు. నాకు తెలుసు, అతనికి తెలియదు. బావి దగ్గర ఇద్దరం ఎదురెదురుగా నిలబడి ఉన్నాం, చెప్పడానికి కావలసినంత సమయం ఉంది. అయినా చెప్పలేదు. ఆ తర్వాత జరిగినదాన్ని మా బడిలో చదివినవాళ్ళంతా నవ్వులాటగా చెప్పుకుంటూ వచ్చారు: ఆశకు పోయి కడుపు నిండా నీళ్ళు తాగి, తనకు మించినవాడి చేతిలో పడ్డ కన్నయ్య కథ. దాన్ని అందరికంటే రక్తికట్టించి చెప్పేవాణ్ణి నేనే. పెళ్ళి పందిళ్ళలో చెప్పాను, రైలు పెట్టెల్లో చెప్పాను, నా పిల్లలు పడీ పడీ నవ్వేటట్టు చెప్పాను. నేను చెప్పిన కథలో బావి ఉంటుంది, నీళ్ళుంటాయి, కన్నయ్య ఉంటాడు. నేను మాత్రం అక్కడ ఉండను.

మొన్న జగదల్‌పూర్‌లో మా పాత హైస్కూలు వాళ్ళు కొందరు పూర్వ విద్యార్థులను పిలిచారు. కుస్తీ పోటీల్లో బరువు తరగతుల సంఖ్య తగ్గించాలని అనుకుంటున్నారట. పిల్లలు తక్కువ, తరగతులు ఎక్కువ. కొన్నింటిలో ఒక్కడే దిగి, ఎదురు లేకుండా గెలిచి పోతున్నాడని కొత్తగా వచ్చిన డ్రిల్లు మాస్టరు చెప్పాడు. కుర్రవాడు, మర్యాదస్తుడు. "మీరు రాజుల స్టేట్ కాలంలో ఆడినవారు, అప్పుడు కూడా ఇలాగే తగ్గించారట గదా సాబ్" అన్నాడు. వెనక నుంచి ఎవరో "ఆ నీళ్ళ పహిల్వాన్ కథ చెప్పండి సాబ్" అని అందించారు. నేను గొంతు సవరించుకుని అలవాటు ప్రకారం మొదలుపెట్టాను. అందరూ నవ్వవలసిన చోట డ్రిల్లు మాస్టరు నవ్వలేదు. "పాపం, రాయి తీసేశారని ఆ అబ్బాయికి ఎవరూ చెప్పలేదా?" అని అడిగాడు. అమాయకంగానే అడిగాడు. కాని ఇన్నేళ్ళలో ఆ మాట అడిగినవాడు లేడు. నా అరికాళ్ళు చల్లబడ్డాయి. "ఏమో, గుర్తు లేదు" అన్నాను. ఆ గదిలోనుంచి బయటపడేదాకా నా చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఆ చలి నాకు కొత్తది కాదు. దానితో పాటు ఇప్పపువ్వు వాసన కూడా వచ్చింది.

ఆ వాసన మా మామ చొక్కాది. మామ అంటే మా అమ్మ అన్న. స్టేట్ గోదాంలో గుమాస్తా. లక్క, సారపప్పు, చింతపండు, ఇప్పపువ్వు అన్నీ అడవి నుంచి ఆ గోదాంకే వచ్చేవి. దాని వెనకాలే ఇల్లు. పామేడు వైపు నుంచి చదువుకోసమని నన్ను తెచ్చి ఆ ఇంట్లో దింపి వెళ్ళిపోయాడు మా నాయన. మామ తెల్లవారకముందే లేచి, బొగ్గుపొడితో పళ్ళు తోముకుని, వీధిలో నిలబడి ఊరంతటికీ వినబడేలా గొంతు పుక్కిలించేవాడు. తర్వాత గొడుగు తీసుకుని, వాన ఉన్నా లేకున్నా చంకలో పెట్టుకుని, నాలుగడుగుల దూరంలో ఉన్న గోదాంకు ఊరేగింపులా వెళ్ళేవాడు. అత్త పొయ్యి మీద జావ కాస్తూ "బయలెల్లిండు దివాన్ సాబ్" అని నాకు కన్నుగీటేది. సాయంకాలం ఆయన తిరిగి వచ్చేసరికి చొక్కా నిండా పులిసిన తీపి వాసన. ఇంట్లో అది ఎంతగా నిండిపోయిందంటే, తొలి రోజుల్లో నాకు అన్నంలో కూడా అదే తగిలేది. ఆ ఊళ్ళో వీధి మాట హల్బీ, బడి మాట హిందీ. తెలుగు మాట్లాడే ఇళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. అందుచేత మామకు నేను అల్లుణ్ణి మాత్రమే కాదు, తెలుగువాళ్ళ తరఫున నిలబెట్టిన మనిషిని. "మన తెలుగోడు మట్టిల దిగుతున్నడంటే మా ఆఫీసంత వస్తరు. ఈపు మట్టుకు నేలకు ఆననియ్యకు అల్లుడా" అనేవాడు.

మట్టి అంటే కుస్తీ గుంట. బడి వెనక రేకుల కప్పు కింద ఉండేది. ఆవనూనె, పసుపు, మజ్జిగ పోసి మెత్తగా కలిపిన ఎర్రమట్టి. నేర్పేవాడు స్టేట్ పోలీసులో పనిచేసి దిగిపోయిన జమాదారు. మీసం తప్ప ముఖంలో ఏదీ కదలదు. ఏటా దసరా రోజుల్లో బడి పోటీలు జరిగేవి. అప్పుడు మమ్మల్ని తూచేది మా గోదాంలోని పెద్ద కాటా మీదే. దూలానికి వేలాడే ఆ కాటాకు ఒక పళ్ళెంలో కుర్రాడు గొంతుక్కూర్చునేవాడు, రెండో పళ్ళెంలో హమాలీలు ఇనుప కడియం ఉన్న నల్లరాయి ఎత్తి పెట్టేవారు. చిన్నది మొదలు పెద్దది వరకు అలాంటి రాళ్ళు ఐదు. రాయి కిందికి దిగి కుర్రాడు పైకి లేస్తే వాడిది ఆ రాయి. కుర్రాడే కిందికి దిగితే, తర్వాతి రాయి పెట్టేవారు. బరువు తరగతి అనే మాట మాకు తెలియదు. "నీదే రాయిరా?" అనే అడిగేవాళ్ళం. నాది రెండో రాయి. కన్నయ్యది నిజానికి మొదటి రాయి. కాని ఏ ఏడాదీ వాడు మొదటి రాయిలో ఆడలేదు.

కన్నయ్య ఆవపల్లి దగ్గరి దోర్ల తెగ కుర్రాడు. వాళ్ళ పల్లెనుంచి అంతవరకు ఎవరూ హైస్కూలు మొహం చూడలేదు. తెలుగు మాట వినబడిందని, మొదటి రోజే వచ్చి నా పక్కన కూర్చున్నాడు. సెలవులకు ఇద్దరం ఒకే బండ్ల వెంట దక్షిణానికి నడిచేవాళ్ళం. మనిషి సన్నం, చేప లాంటి ఒళ్ళు, పట్టుకుంటే జారిపోతాడు. మొదటి రాయిలో అంతా చిన్నతరగతుల పిల్లలు. వాళ్ళను గెలవడం వాడికి నామోషీ. "నేనేంది, పాలు తాగే పోరగాండ్లతోని కుస్తీ పట్టాల్నా? మా ఊర్ల మేకలు గూడ నవ్వుతయ్" అనేవాడు. అందుకని తూకానికి ముందు గోదాం పక్క బావి దగ్గర కడుపు పట్టినన్ని నీళ్ళు తాగి, నడిస్తే లోపల గుడగుడమని చప్పుడవుతుండగా వచ్చి పళ్ళెంలో కూర్చునేవాడు. మొదటి రాయి మెల్లగా పైకి లేచేది. హమాలీలు చప్పట్లు కొట్టేవారు. జమాదారు చూడనట్టు గోడవైపు తిరిగేవాడు. అలా వాడు ప్రతి ఏడూ రెండో రాయిలోకి వచ్చి, నాతో సహా అందరినీ పడగొట్టేవాడు.

ఆ ఏడు రాయపూర్ వైపు నుంచి కొత్త హెడ్‌మాస్టరు వచ్చాడు. ఐదు రాళ్ళు ఎందుకన్నాడు. కిందటేడు నాలుగో రాయిలో ఒక్కడే ఉండి, ఎవరితోనూ పట్టు పట్టకుండానే గెలుపు తలపాగా కట్టించుకున్నాడు. అది పోటీయా అన్నాడు. ఆయన అన్నదాంట్లో తప్పు లేదు. రెండో రాయి, నాలుగో రాయి తీసేసి మూడే ఉంచారు. కాని రాళ్ళు మార్చినవాళ్ళు జోడీలు కట్టే పద్ధతిని మార్చలేదు. జమాదారు పద్ధతి ఒకటుండేది: ఒక రాయిలో అందరికంటే తేలికవాడికి, అందరికంటే బరువువాడికి తొలి జోడీ. రెండో తేలికకు రెండో బరువు. అలా. ఐదు రాళ్ళున్నప్పుడు తేలికకూ బరువుకూ తేడా గుప్పెడు. ఆ పద్ధతి వల్ల ఎవరికీ ఏమీ కాలేదు. ఇప్పుడు రెండో రాయి లేదు గనక మొదటి రాయిని దాటి, మూడోదాన్ని దాటనివాళ్ళమంతా మూడో రాయిలో పడ్డాం. అందులో అందరికంటే తేలిక నేను. అందరికంటే బరువు బల్‌దేవ్.

బల్‌దేవ్ హవల్దారు కొడుకు. తరగతులు తప్పి తప్పి, మా మధ్య పెళ్ళీడు మనిషిలా కూర్చునేవాడు. కిందటేడు వాడి కింద పడినవాడు వారం రోజులు మెడ తిప్పలేకపోయాడు. ఈ మార్పు సంగతి మామ అన్నాల దగ్గర చెప్పాడు. కన్నయ్య అప్పుడు ఊళ్ళో లేడు, కొత్త వడ్లు తినే పండుగకు వాళ్ళ పల్లెకు వెళ్ళాడు. "మూడే రాళ్ళట. మా అల్లుడు మూడో రాయి పహిల్వాన్ అయిండు" అని మామ మురిసిపోతుంటే, నా నోట్లో ముద్ద గడ్డకట్టుకుపోయింది. మర్నాడు మట్టిలో బల్‌దేవ్ నా వైపు చూసి ఏదో అనబోయాడు. నేను వినకుండా పరుగెత్తాను. ఆనాటి నుంచి నాకు భయం కడుపులో కాపురం పెట్టింది. బరువు తగ్గితే మొదటి రాయిలోకి జారవచ్చునని, అత్త పెట్టిన అన్నం చాటుగా కుక్కకు వేశాను. రేకుల కింద ఉక్కలో గొంగడి కప్పుకుని గుంజీలు తీశాను. గోదాంలో మామ లేని సమయం చూసి కాటా మీద కూర్చుంటే, హమాలీ ఒకడు దయతలిచి మొదటి రాయి పెట్టాడు. నా పళ్ళెం కిందికే దిగింది. "ఇంక మిగిలింది నీ బొక్కలే" అని నవ్వాడు. అత్త ఒక పొద్దున నా చెయ్యి పట్టుకుని "ఒళ్ళు మంచిగ లేదని చెప్పనా బిడ్డా?" అని మెల్లగా అడిగింది. చెప్పమనడానికి కూడా భయమే. మామ అప్పటికే ఆఫీసంతా చాటాడు. నేను తినేది ఆయన తిండి.

తూకం రోజు వాన వెలిసి ఎండ కాస్తోంది. తూకం సగమైంది. నేను నా వంతు ముగించుకుని, బావి గట్టు మీద కూర్చుని ఉన్నాను. బండి దిగి, మూట భుజాన వేసుకుని, కాళ్ళనిండా బురదతో కన్నయ్య పరుగెత్తుకొచ్చాడు.

"ఏంది వెంకటీ, అయిపోయిందా?"

"లేదు. తూస్తున్నరు."

"బతికిన. నా పేరు పిలిచిండా జమాదారు?"

"ఇంక పిలవలే."

"నువ్వు తూగినవా?"

"తూగిన."

"ఏమైంది నీకు, ముఖం గట్ల తెల్లగైంది? జరమా?" అని నా నుదుటి మీద చెయ్యి పెట్టాడు. ఆ చెయ్యి వెచ్చగా ఉంది. అప్పుడు చెప్పవచ్చు. రెండో రాయి లేదురా, నీళ్ళు తాగకు, మొదటి రాయిలోనే ఉండిపో అని చెప్పడానికి ఒక్క ఊపిరి చాలు. కాని నాకు ఆ క్షణంలో ఒక లెక్క కనబడింది. వీడు మూడో రాయిలోకి వస్తే, అందరికంటే తేలిక నేను కాదు. ఆ ఆలోచన నాకు వచ్చిందని తెలిసి భయపడ్డాను. అది పోతుందేమోనని ఇంకా భయపడ్డాను. "తోడు తోడు, జల్దీ" అని కన్నయ్య దోసిలి పట్టాడు. నేను చేద వేసి తోడి పోశాను. వాడు తాగాడు, ఆగి ఊపిరి పీల్చుకుని మళ్ళీ తాగాడు. "చాలా?" అన్నాను. "ఇంకింత పొయ్యి" అన్నాడు. ఇంకింత పోశాను.

వాడి వెనక నేనూ లోపలికి వెళ్ళాను. మొదటి రాయి పెట్టారు. ఎప్పటిలాగే వాడి పళ్ళెం మెల్లగా కిందికి దిగింది. ఎప్పటిలాగే వాడు హమాలీల వైపు చూసి పళ్ళికిలించాడు. ఈసారి ఎవరూ చప్పట్లు కొట్టలేదు. హమాలీలు మూడో రాయి మొయ్యలేక మోసుకొచ్చి దించారు. కన్నయ్య సంచిలా గాలిలోకి లేచాడు. "గదేంది? రెండోది ఏది?" అన్నాడు. జమాదారు ముఖం మొదటిసారి కదిలింది. "రెండోది లేదు. నీకు తెలియదా?" అన్నాడు హిందీలో. ఒకసారి పలికిన రాయి మార్చే ఆచారం లేదు. పైగా హెడ్‌మాస్టరు కుర్చీ వేసుకుని అక్కడే కూర్చున్నాడు. కన్నయ్య పైనుంచి నా వైపు చూశాడు. నేను నేల మీద చిందిన ఇప్పపువ్వు రేకులు చూస్తూ నిలబడ్డాను.

పట్టు ఎంతోసేపు జరగలేదు. బల్‌దేవ్ ఒకటికి రెండుసార్లు వాణ్ణి మెల్లగా పడెయ్యబోవడం నేను చూశాను. కన్నయ్య జారిపోయాడు, జనం ఈలలు వేశారు. మూడోసారి దొరికాడు. అయినా వీపు నేలకు ఆననివ్వక ఒక చెయ్యి మట్టిలో పాతి నిలబడ్డాడు. ఆ చెయ్యి మీద బల్‌దేవ్ బరువంతా దిగింది. చప్పుడు నాకు వినబడింది. తర్వాతి జోడీ నాది. రెండో బరువువాడు సోమరి. పైగా కన్నయ్య అరుపుకు బెదిరిపోయి ఉన్నాడు. వాణ్ణి నేను పడగొట్టాను. హెడ్‌మాస్టరు నా వీపు తట్టాడు. మామ బూందీ పంచాడు. తిన్నదంతా గోదాం వెనక కక్కుకున్నాను.

కన్నయ్యను చేర్చిన, ఎముకలు కట్టే ముసలాయన గుడిసె ముందు, ఆకుపసరు వాసనలో, బల్‌దేవ్ మోకాళ్ళ మీద తల పెట్టుకుని ఏడుస్తున్నాడు. నన్ను చూసి, "చెవిలో చెప్పాను, తొందరగా పడిపోరా చిన్నోడా, నిన్నేం చెయ్యను అని. వినలేదు. నీకు కూడా అదే చెబుదామని వచ్చాను ఆ రోజు, నువ్వు పారిపోయావు" అన్నాడు. వాడు చెప్పి ఉంటే నేను వెంటనే పడిపోయేవాణ్ణి. పడిపోవడం తప్ప నాకు వేరే కోరికే లేదు. మట్టి దులుపుకుని ఇంటికి వెళ్ళేవాణ్ణి. పడనివాడు కన్నయ్య ఒక్కడే, వాణ్ణే నేను అక్కడికి పంపాను.

భుజం సరిగ్గా అతకలేదు. వాళ్ళ నాయన బండి కట్టుకుని వచ్చి వాణ్ణి తీసుకుపోయాడు. పోతూ పోతూ నా చేతిలో సారపప్పు మూట పెట్టి, "ఈడ మావోనికి నువ్వొక్కడివే సోపతి బిడ్డా. మంచిగ సదువుకో" అన్నాడు. కన్నయ్య మళ్ళీ బడికి రాలేదు. దక్షిణం బండ్లు గోదాం ముందు ఆగినప్పుడల్లా నేను ధాన్యపు బస్తాల వెనక దాక్కునేవాణ్ణి. ఎవరో దిగి, అందరిముందూ, నువ్వే కదా నీళ్ళు పోసింది అంటారని. ఎవరూ అనలేదు. అనకపోయేసరికి భయం తగ్గలేదు, దాన్ని నవ్వుగా మార్చుకోవడం నేర్చుకున్నాను. కథ నేనే ముందు చెప్పేస్తే, నన్నెవరూ అడగరని.

ఇప్పుడు ఆ బడిలో ముల్లు తిరిగే ఇనుప కాటా ఉంది, పరీక్షించడానికి డాక్టరు వస్తాడు, మట్టికి బదులు పరుపు. జమాదారు పద్ధతి పోయింది, చీటీలు తీస్తారు. మా రోజుల్లో దేనికైనా మనుషుల మాటే ఆధారం. ఎవరు ఎవరికి చెప్పారో అంతవరకే తెలిసేది. ఇప్పుడు గోడ మీద కాగితం అంటిస్తారు. అయినా తరగతి మారిన పిల్లవాడి కడుపులో ఏముంటుందో ఆ ముల్లు చూపించదు. డ్రిల్లు మాస్టరును మర్నాడు మళ్ళీ కలిశాను. తగ్గిస్తే తగ్గించండి, కాని ప్రతి పిల్లవాణ్ణీ ఎదురుగా కూర్చోబెట్టి చెప్పండి, భయమేస్తే దిగనక్కరలేదని కూడా చెప్పండి అన్నాను. అంతవరకు చెప్పాను గాని, ఎందుకు చెబుతున్నానో చెప్పలేదు. ముందు చెప్పవలసినవాడు వేరే ఉన్నాడు.

ఆవపల్లిలో బస్సు దిగి నడిచాను. దారి పొడుగునా కాళ్ళు వెనక్కి లాగాయి. ఆ వేళ పైనుంచి నా వైపు చూశాడు కదా, వాడికి తెలుసు, తెలిసే ఇన్నేళ్ళూ ఊరుకున్నాడు, నన్ను చూడగానే ముఖం తిప్పుకుంటాడు అనుకుంటూ వెళ్ళాను. కన్నయ్య కల్లంలో ఉన్నాడు. ఎడమ చెయ్యి భుజం పైకి లేవదు, కుడిచేత్తోనే చాట ఎత్తి వడ్లు తూర్పారబడుతున్నాడు. నన్ను పోల్చుకోవడానికి కొంచెం సేపు పట్టింది.

"ఓరి నీయమ్మ, వెంకటీ! ఏందిరా, తలంత బూడిదైంది?" అని చాట పారేసి వచ్చి ఒంటిచేత్తోనే వాటేసుకున్నాడు. భార్యను, కొడుకులను, కోడలిని కేకేశాడు. మంచం వేయించాడు. నన్ను చూపిస్తూ వాళ్ళకు కథ మొదలుపెట్టాడు. అదే కథ. నాకంటే బాగా చెప్పాడు. పళ్ళెంలో గాలిలోకి లేచినప్పుడు తన ముఖం ఎలా అయిందో చేసి చూపించాడు. కోడలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

"ఆశకు పోయి తాగిన. నా కడుపే నన్ను ముంచింది. సదువు పాయె, చెయ్యి పాయె" అన్నాడు కన్నయ్య.

"గప్పటిసంది గంతే. ఒకలు చెప్తె ఇనే మనిషా?" అంది అతని భార్య.

"ఎవలు చెప్పిండ్రే? నాకు ఎవలు చెప్పలే. మేమిద్దరం బాయి కాడనే ఉంటిమి, పాపం ఈనికి గూడ తెల్వది. జరమొచ్చి వణుకుతుండె" అని నా భుజం తట్టాడు.

అతనికి తెలియదు. ఏనాడూ అనుమానం రాలేదు. ఇన్నేళ్ళూ నా భయానికి జ్వరం అని పేరు పెట్టి, దాన్ని కూడా జాలిగా దాచుకున్నాడు. ఊరుకుంటే ఊరుకోవచ్చు. వాళ్ళంతా నవ్వుతున్నారు, ఎండ పల్చబడింది, అన్నం వండమని కన్నయ్య చెబుతున్నాడు. నా అరికాళ్ళు మళ్ళీ చల్లబడ్డాయి. పక్కకు పిలిచి చెబుదామా అనిపించింది. కాని వాడు ఆ కథ చెప్పింది వాళ్ళందరి ముందు. నేను మంచం మీదినుంచి లేచి నిలబడ్డాను.

"కన్నయ్యా, నాకు జరం రాలేదు. రెండో రాయి తీసేసిన్రని నాకు తెలుసు. నువ్వు ఊరినుంచి రాకముందే తెలుసు. బల్‌దేవ్ తోని నేను పట్టాల్సి ఉండె. నువ్వు నీళ్ళు తాగి వస్తే నా వంతు నీ మీద పడుతదని తెలిసే చెప్పలే, తెలిసే తోడి పోసిన. నీ తప్పు ఏం లేదు. మీ నాయనకు చెప్పుకోలేకపోయిన, నీకన్న చెప్తున్న, నీ ఇంటోళ్ళందరి ముందు చెప్తున్న. భయపడి నీకు అన్యాయం చేసిన. నన్ను క్షమించు."